పాఠం 9 : పర్‌ఫార్మెన్స్ కారుకు తగిన ఆయిల్ ఫిల్టరు ఎంపిక

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు క్రింది పనులు చేయగలుగుతారు:

• ఇంజనులో ఆయిల్ ఫిల్టరు చేసే పనిని, అందులోని భాగాలను వివరించగలుగుతారు.
• మామూలు కారుకూ, పర్‌ఫార్మెన్స్ కారుకూ ఫిల్టరు విషయంలో ఉన్న తేడా చెప్పగలుగుతారు.
• మర, గాస్కెట్టు, బైపాస్ వాల్వు, బీటా నిష్పత్తి అనే అంశాలను పరిశీలించి సరైన ఫిల్టరును ఎంచుకోగలుగుతారు.
• ఫిల్టరును పద్ధతి ప్రకారం మార్చగలుగుతారు. విప్పిన ఫిల్టరునుబట్టి ఇంజను పరిస్థితిని అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

ఇంజనులో ఆయిలు సంపు నుంచి పంపుకు, పంపు నుంచి ఫిల్టరుకు, అక్కడినుంచి బేరింగులకు వెళ్తుందని మీకు తెలుసు. ఈ దారిలో ఫిల్టరు చాలా చవకైన భాగం. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అందువల్లనే దాని ఎంపికలో అశ్రద్ధ ఎక్కువ. తప్పు ఫిల్టరు పెట్టినా కారు ఆ రోజు నడుస్తుంది, ఆ నెలంతా కూడా నడవవచ్చు. నష్టం బేరింగులలో, టర్బోలో నెమ్మదిగా జరుగుతుంది. అది బయటపడేనాటికి ఖర్చు వేలలోకి, ఒక్కొక్కప్పుడు లక్షలలోకి వెళ్తుంది.

మన దేశంలో చిన్న కార్లకు కూడా టర్బో పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, 2017లో వచ్చిన బలేనో ఆర్ఎస్, 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ ఇందుకు ఉదాహరణలు. ఇలాంటి కార్లు పల్లెటూరి షెడ్డుకు కూడా సర్వీసుకు వస్తున్నాయి. కనుక ఈ విషయం పెద్ద నగరాల మెకానిక్కులకే పరిమితం కాదు.

ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య సూత్రం ఒకటే: మర ఎక్కినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్టు కాదు.

9.2 ఫిల్టరు ఎందుకు అవసరం?

ఇంజను నడిచేటప్పుడు లోహపు రజను, కాలిన ఇంధనపు మసి, గాలితోబాటు వచ్చిన సన్నని దుమ్ము ఆయిలులో చేరుతాయి. వీటి పరిమాణాన్ని మైక్రాన్లలో చెబుతారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

క్రాంక్ షాఫ్టుకూ దాని బేరింగుకూ మధ్య ఖాళీ సాధారణంగా 25 నుంచి 60 మైక్రాన్లు ఉంటుంది. బరువు పడిన చోట ఆయిలు పొర మందం ఇంకా తగ్గి కొద్ది మైక్రాన్లకు చేరుతుంది. పొర కంటే పెద్ద రేణువు అక్కడ చిక్కితే బేరింగును గీస్తుంది. మరీ పెద్ద రేణువు ఆ ఖాళీలోకి దూరలేదు. బాగా చిన్నది పొరలో తేలిపోతుంది. ఈ రెంటికీ మధ్య, ముఖ్యంగా 5 నుంచి 25 మైక్రాన్లలోపు ఉన్న రేణువులే ఎక్కువ హాని చేస్తాయి. ఇవి కంటికి కనిపించవు. కాబట్టి ఆయిలును వేలితో రుద్ది చూసి శుభ్రంగా ఉందని చెప్పడం సరికాదు.

అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1988లో ప్రచురించిన ఒక పరిశోధన పత్రం ఈ విషయాన్ని అంకెలలో చూపింది. 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టరు వాడినప్పుడు ఇంజను అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్ల ఫిల్టరు వాడినప్పుడు 70 శాతం తగ్గింది.

9.3 ఫిల్టరు నిర్మాణం

కారు ఇంజనుకు ఆయిల్ ఫిల్టరు 1923లో అమెరికాలో రూపొందింది. తొలినాటి ఫిల్టర్లలో ఆయిలులో కొంత భాగం మాత్రమే వడకట్టబడేది. నేటి కార్లలో పంపు నుంచి బేరింగులకు వెళ్ళే ఆయిలంతా ఫిల్టరు గుండానే వెళ్తుంది. దీన్ని 'ఫుల్ ఫ్లో' పద్ధతి అంటారు.

ఫిల్టర్లు రెండు రకాలు.

(అ) డబ్బా ఫిల్టరు: రేకు డబ్బాతో సహా మొత్తం విప్పి పారవేసేది.
(ఆ) ఎలిమెంటు ఫిల్టరు: గూడు ఇంజనుకే ఉంటుంది, లోపలి మడతల ఎలిమెంటును, ఓ-రింగును మాత్రమే మారుస్తారు.

డబ్బా ఫిల్టరును కోసి చూస్తే ఈ భాగాలు కనిపిస్తాయి:

1. అడుగు పళ్ళెం: మధ్యలో మర ఉన్న రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు. ఆయిలు చుట్టూ ఉన్న రంధ్రాలలోంచి లోపలికి వచ్చి, మధ్య రంధ్రంలోంచి బయటికి వెళ్తుంది.
2. గాస్కెట్టు: ఆయిలు కారకుండా ఆపే రబ్బరు ఉంగరం.
3. మడతల ఎలిమెంటు: వడపోసే భాగం. తక్కువ చోటులో ఎక్కువ వైశాల్యం రావడానికి మడతలు పెడతారు.
4. బైపాస్ వాల్వు: ఎలిమెంటు మూసుకుపోయినా, ఆయిలు చిక్కగా ఉన్నా, వడకట్టకుండానే ఆయిలును ముందుకు పంపే చిన్న స్ప్రింగు వాల్వు.
5. యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వు: ఇంజను ఆపినప్పుడు ఫిల్టరులోని ఆయిలు వెనక్కి జారిపోకుండా ఆపే పలుచని రబ్బరు పొర.

9.4 పర్‌ఫార్మెన్స్ కారులో తేడా ఏమిటి?

మూడు తేడాలు ఉన్నాయి.

మొదటిది వేడి. టర్బోను కాలిన వాయువులు త్రిప్పుతాయి. దాని బేరింగులకు ఇంజను ఆయిలే ఆధారం. చిన్న టర్బోల ఇరుసు నిమిషానికి 2 లక్షలకు పైగా చుట్లు తిరగగలదు. ఆ వేగంలో కొద్ది సెకండ్లు ఆయిలు అందకపోయినా బేరింగు దెబ్బతింటుంది.

రెండవది ప్రవాహం. ఇంజను వేగం పెరిగినకొద్దీ పంపు ఎక్కువ ఆయిలును నెడుతుంది. ఒక ఇంజనులో 4 లీటర్ల ఆయిలు ఉందనీ, ఎక్కువ వేగంలో పంపు నిమిషానికి 30 లీటర్లు పంపుతుందనీ అనుకుందాం. అప్పుడు ఆయిలంతా నిమిషానికి ఏడున్నర సార్లు ఫిల్టరు గుండా పోతుంది. ఎలిమెంటు వైశాల్యం చాలకపోతే ఫిల్టరు ముందు, వెనుక ఒత్తిడి తేడా పెరిగి బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అంటే ఇంజనుకు శుభ్రమైన ఆయిలు అత్యవసరమైన సమయంలోనే వడపోత తగ్గిపోతుంది.

మూడవది కారును వాడే తీరు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదనో, కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వే మీదనో గంటసేపు నడిపిన కారుకూ, ఊరి ట్రాఫిక్కులో రోజూ ఆగుతూ సాగుతూ వెళ్ళే కారుకూ ఇంజను ఒకటే అయినా ఆయిలు అనుభవించే కష్టం ఒకటి కాదు. ఫిల్టరు ఎంచే ముందు 'ఈ కారును ఎలా నడుపుతారు?' అని యజమానిని తప్పక అడగండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1

1. ఏ పరిమాణంలోని రేణువులు బేరింగులకు ఎక్కువ హాని చేస్తాయి? ఎందుకు?
2. ఇంజను వేగం పెరిగినప్పుడు బైపాస్ వాల్వు ఎందుకు తెరుచుకోవచ్చు?

9.5 ఎంపికలో చూడవలసిన అంశాలు

9.5.1 మర, గాస్కెట్టు

డబ్బా ఫిల్టర్లలో ఎక్కువగా కనిపించే మరలు రెండు. ఒకటి ఎం20 × 1.5. దీని వ్యాసం 20 మి.మీ., మరకూ మరకూ దూరం 1.5 మి.మీ. రెండవది 3/4-16 యూ.ఎన్.ఎఫ్. దీని వ్యాసం అంగుళంలో ముప్పాతిక, అంటే 19.05 మి.మీ. అంగుళానికి 16 మరలు, అంటే మరకూ మరకూ దూరం సుమారు 1.59 మి.మీ.

ఈ రెండు కొలతలూ ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. ప్రమాదం ఇక్కడే ఉంది. 3/4-16 స్టడ్డు మీదికి ఎం20 ఫిల్టరు వదులుగా ఎక్కుతుంది. గాస్కెట్టు ఆనేసరికి బిగిసినట్టే ఉంటుంది. కాని మరల పట్టు అంచుల దగ్గర మాత్రమే ఉంటుంది. ఆయిలు ఒత్తిడి పెరిగినప్పుడు ఫిల్టరు ఊడిపోవచ్చు. అప్పుడు ఆయిలంతా కొద్దిసేపట్లో రోడ్డు పాలవుతుంది. కొత్త ఫిల్టరు చేతితో త్రిప్పుతున్నప్పుడు అటూ ఇటూ ఊగితే దాన్ని వాడకండి.

గాస్కెట్టు వ్యాసం కూడా పాత ఫిల్టరుతో సరిపోవాలి. అది ఇంజను మీది చదును భాగం దాటి పోకూడదు.

9.5.2 బైపాస్ వాల్వు

బైపాస్ వాల్వు ఎంత ఒత్తిడి తేడాకు తెరుచుకోవాలో ఇంజను తయారీదారు నిర్ణయిస్తాడు. కొన్ని ఇంజన్లకు ఇది 0.6 బార్, కొన్నింటికి 1 బార్, మరికొన్నింటికి 1.6 బార్ వరకు ఉంటుంది. ఎక్కువ ఆయిలు నెట్టే పంపు ఉన్న ఇంజనుకు తక్కువ ఒత్తిడికే తెరుచుకునే ఫిల్టరు పెడితే, అది పదే పదే తెరుచుకుని మురికి ఆయిలును పంపుతుంది. మరీ ఎక్కువ ఒత్తిడికి తెరుచుకునేది పెడితే చల్లని ఉదయం చిక్కని ఆయిలు ఎలిమెంటును నలిపివేయవచ్చు, లేదా బేరింగులకు ఆయిలు ఆలస్యంగా అందవచ్చు.

కొన్ని ఇంజన్లలో బైపాస్ వాల్వు ఫిల్టరులో ఉండదు. ఇంజను బ్లాకులోనో, ఫిల్టరు గూటిలోనో ఉంటుంది. అలాంటి ఇంజనుకు వాల్వు లేని ఫిల్టరే సరైనది. వాల్వు ఇంజనులో ఉందో, ఫిల్టరులో ఉందో సర్వీసు పుస్తకం చూసి తెలుసుకోండి.

9.5.3 యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వు

ఫిల్టరు నోరు పైకి ఉండేలా నిలువుగా బిగిస్తే ఆయిలు అందులోనే నిలుస్తుంది. ఫిల్టరు అడ్డంగానో, తలక్రిందులుగానో ఉంటే ఈ వాల్వు లేనిదే ఆయిలు సంపులోకి జారిపోతుంది. మరునాడు ఉదయం స్టార్టు చేసినప్పుడు ఫిల్టరు నిండేవరకు బేరింగులకు ఆయిలు అందదు. ఆ కొద్దిసేపు ఇంజను గలగలమంటుంది.

ఈ వాల్వును నైట్రైల్ రబ్బరుతోనో, సిలికానుతోనో చేస్తారు. వేడికి నైట్రైల్ క్రమంగా గట్టిపడుతుంది. సిలికాను చాలాకాలం మెత్తగా ఉంటుంది. అందువల్ల టర్బో కారుకు సిలికాను మేలు.

9.5.4 వడపోత శక్తి : బీటా నిష్పత్తి

పెట్టె మీద '20 మైక్రాన్ ఫిల్టరు' అని రాసి ఉంటే దానివల్ల తెలిసేది చాలా తక్కువ. 20 మైక్రాన్ల రేణువులలో సగాన్ని ఆపే ఫిల్టరు మీదా, నూటికి తొంభైతొమ్మిదింటిని ఆపే ఫిల్టరు మీదా అదే మాట రాయవచ్చు. ఈ తేడాను బీటా నిష్పత్తి చెబుతుంది.

బీటా నిష్పత్తి = ఫిల్టరుకు ముందు ఉన్న రేణువుల సంఖ్య ÷ ఫిల్టరు తరవాత ఉన్న రేణువుల సంఖ్య

ఉదాహరణ: ఒక ఫిల్టరుకు ముందు కొంత ఆయిలులో 20 మైక్రాన్లు, అంతకు పైబడిన రేణువులు 1500 ఉన్నాయి. ఫిల్టరు దాటిన తరవాత అంతే ఆయిలులో 20 మిగిలాయి.

బీటా = 1500 ÷ 20 = 75
ఆపిన రేణువులు = 1500 − 20 = 1480
సామర్థ్యం = (1480 ÷ 1500) × 100 = 98.7 శాతం (సుమారు)

ఇంకొక ఫిల్టరులో 1500లో 750 మిగిలాయనుకోండి. దాని బీటా 2, సామర్థ్యం 50 శాతం. రెండింటినీ '20 మైక్రాన్' అనే పేరుతోనే అమ్మవచ్చు. ఈ కొలతకు ఐ.ఎస్.ఓ. 4548-12 అనే అంతర్జాతీయ పరీక్షా విధానం ఉంది. ఫిల్టరు వివరాలలో ఈ సంఖ్యను, ఏ మైక్రాన్ల దగ్గర ఎంత సామర్థ్యమో కలిపి చూడాలి.

ఎలిమెంటును సెల్యులోజు కాగితంతోగాని, సన్నని గాజు పోగులవంటి సింథటిక్ పదార్థంతోగాని, రెండూ కలిపిగాని చేస్తారు. సింథటిక్ పోగులు సన్నగా, సమానంగా ఉంటాయి. కనుక ఎక్కువ మురికిని పట్టుకుంటూనే ఆయిలును తేలికగా పోనిస్తాయి. వాటి ధర ఎక్కువ.

9.5.5 పరిమాణం, దృఢత్వం

మర, గాస్కెట్టు, వాల్వులు అన్నీ సరిపోయి, డబ్బా కొంచెం పొడవైన ఫిల్టరు దొరికితే అది మంచిదే. ఎలిమెంటు వైశాల్యం పెరుగుతుంది. అయితే డబ్బా నేలకు మరీ దగ్గరగా రాకూడదు. సైలెన్సరు గొట్టానికి తగలకూడదు. మన రోడ్ల స్పీడు బ్రేకర్లను మరచిపోవద్దు.

9.6 'రేసింగ్' అని రాసి ఉన్న ఫిల్టర్లు

యువకులైన యజమానులు ఎక్కువగా అడిగేవి ఇవే. పందెం కారు ఇంజనుకు ఆయిలును ముందే వేడిచేస్తారు, పోటీ కాగానే మారుస్తారు, ఇంజనును తరచు విప్పి చూస్తారు. దాని ఫిల్టరు నుంచి కోరేది అడ్డులేని ప్రవాహం. అందుకే కొన్ని రేసింగ్ ఫిల్టర్లలో వడపోత ముతకగా ఉంటుంది. బైపాస్ వాల్వు కూడా ఉండకపోవచ్చు. వేల కిలోమీటర్లు ఒకే ఆయిలుతో తిరిగే రోడ్డు కారుకు అలాంటిది నష్టం.

కడిగి మళ్ళీ వాడుకునే స్టీలు జాలీ ఫిల్టర్లు కూడా దొరుకుతాయి. వాటి రంధ్రాలు సాధారణంగా పెద్దవి. చిన్న రేణువులను మంచి సింథటిక్ ఎలిమెంటు ఆపినట్టుగా అవి ఆపలేవు. కడిగేటప్పుడు ఏ కొంచెం మురికి లోపలివైపు చేరినా అది నేరుగా బేరింగులకే పోతుంది.

నకిలీ సరుకు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ప్రసిద్ధమైన పేర్లతో నకిలీ ఫిల్టర్లు ఏ ఊరి ఆటోనగర్‌లోనైనా తగలవచ్చు. అచ్చు మసకగా ఉండటం, ధర మరీ తక్కువగా ఉండటం, మడతలు అసమానంగా ఉండటం, బిల్లు ఇవ్వకపోవడం అనుమానించవలసిన గుర్తులు.

9.7 అభ్యాసం కోసం ఒక ఉదాహరణ

ఒక టర్బో కారు సర్వీసు పుస్తకంలో ఇలా ఉందనుకుందాం: మర 3/4-16, బైపాస్ ఫిల్టరులోనే, 1 బార్, ఫిల్టరు అడ్డంగా బిగించాలి. కొట్టులో నాలుగు ఫిల్టర్లు ఉన్నాయి. నాలుగింటి గాస్కెట్టు కొలతా సరిపోయింది.

క : మర ఎం20 × 1.5, బైపాస్ 1 బార్, సిలికాను వాల్వు, 20 మైక్రాన్ల దగ్గర బీటా 100.
ఖ : మర 3/4-16, బైపాస్ 0.5 బార్, సిలికాను వాల్వు, బీటా 75.
గ : మర 3/4-16, బైపాస్ 1 బార్, సిలికాను వాల్వు, బీటా 75, డబ్బా 10 మి.మీ. పొడవు ఎక్కువ.
ఘ : మర 3/4-16, బైపాస్ లేదు, యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వు లేదు, పైన 'రేసింగ్' అని ఉంది, బీటా చెప్పలేదు.

వడపోతలో 'క' అన్నిటికంటె మేలు. కాని మర వేరు కనుక అది మొదటనే పోయింది. 'ఖ' ఎక్కువ వేగంలో తొందరగా తెరుచుకుంటుంది. 'ఘ' ఈ ఇంజనుకు ఏ విధంగానూ తగదు. 'గ' సరైనది, అయితే దాని క్రింద నేలకు తగిన ఎడం ఉన్నదని చూసుకున్న తరవాతనే బిగించాలి. పరిశీలన వరుసను గమనించండి: ముందు మర, గాస్కెట్టు; తరవాత వాల్వులు; ఆ తరవాతనే బీటా; చివర పరిమాణం.

9.8 ఫిల్టరు మార్చే పద్ధతి

1. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిలు దించండి. మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి.
2. పాత ఫిల్టరు విప్పగానే పాత గాస్కెట్టు దానితోబాటు వచ్చిందో లేదో చూడండి. ఇంజనుకే అతుక్కుని ఉండిపోతే, కొత్తది దానిమీద కూర్చుని, ఒత్తిడికి ఆయిలు చిమ్ముతుంది.
3. కొత్త గాస్కెట్టుకు శుభ్రమైన ఆయిలు పూయండి. ఫిల్టరు నిలువుగా ఉండే ఇంజనయితే అందులో కొంత ఆయిలు నింపండి.
4. గాస్కెట్టు ఆనేవరకు చేతితో త్రిప్పండి. తరవాత ముప్పాతిక చుట్టు, లేదా డబ్బా మీద రాసి ఉన్నంత బిగించండి. బిగించడానికి పానా వాడవద్దు. ఎలిమెంటు ఫిల్టరు మూతకయితే టార్కు రెంచి వాడండి. బిగింపు అంకె చాలావరకు మూతమీదనే ఉంటుంది.
5. ఆయిలు పోసి స్టార్టు చేయండి. ఆయిలు దీపం ఆరేవరకు యాక్సిలరేటరు నొక్కవద్దు. కారుతోందేమో చూసి, ఇంజను ఆపి, పది నిమిషాల తరవాత ఆయిలు మట్టం మళ్ళీ చూడండి.

విప్పిన ఫిల్టరును పారవేసే ముందు కోసి చూడటం మంచి అలవాటు. ఇందుకు డబ్బా కోసే కట్టరు వాడండి. హాక్సా బ్లేడు వాడితే దాని రజనే మడతలలో చేరి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మడతలు విప్పి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటుకునే రజను ఇనుము, ఉక్కు భాగాలదై ఉంటుంది. రాగి, ఇత్తడి రంగు మెరుపులు కనిపిస్తే బేరింగులను అనుమానించాలి. అలా కనిపించినప్పుడు కొత్త ఫిల్టరు బిగించి కారును పంపివేయడం వైద్యం కాదు. యజమానికి రజను చూపించి, ఇంజను పరీక్షించవలసి ఉందని చెప్పడం మెకానిక్కు బాధ్యత.

వాడిన ఆయిలును కాలువలోగాని, నేలమీదగాని పోయకూడదు. ఇది 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. ఫిల్టరును బోర్లించి ఆయిలు పూర్తిగా కారనిచ్చి, ఆ ఆయిలును మూత ఉన్న డబ్బాలో దాచి, అనుమతి ఉన్న సేకరణదారుకు ఇవ్వండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2

3. ఒక ఫిల్టరుకు ముందు 2000 రేణువులు, తరవాత 10 రేణువులు ఉన్నాయి. బీటాను, సామర్థ్యాన్ని లెక్కకట్టండి.
4. ఫిల్టరును అడ్డంగా బిగించే ఇంజనుకు ఏ వాల్వు తప్పనిసరి?
5. పాత ఫిల్టరును హాక్సాతో ఎందుకు కోయకూడదు?

9.9 సారాంశం

• బేరింగులకు హాని చేసే రేణువులు కంటికి కనిపించవు. వాటిని ఆపేది ఫిల్టరే.
• పర్‌ఫార్మెన్స్ కారులో వేడి, ఆయిలు ప్రవాహం ఎక్కువ. అందుకని ఎలిమెంటు వైశాల్యం, బైపాస్ ఒత్తిడి ముఖ్యం.
• ఎంపికలో వరుస: మర, గాస్కెట్టు, వాల్వులు, బీటా నిష్పత్తి, పరిమాణం.
• మైక్రాన్ అంకె ఒక్కటే చాలదు. దానితో సామర్థ్యం కూడా తెలియాలి.
• పందెం కారుకు మంచిదైన ఫిల్టరు రోడ్డు కారుకు మంచిది కాకపోవచ్చు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. డబ్బా ఫిల్టరులోని భాగాలను, వాటి పనులను వివరించండి.
2. టర్బో కారుకు ఫిల్టరును ఎంచుకునే క్రమాన్ని కారణాలతో రాయండి.

II. క్రింది ప్రశ్నలకు 5 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఎం20 × 1.5, 3/4-16 మరలను పోల్చండి. ఒకదానికి బదులు ఒకటి వాడితే ఏమి జరుగుతుంది?
2. బైపాస్ వాల్వు మరీ తక్కువ ఒత్తిడికి తెరుచుకుంటే నష్టమేమిటి?

III. చేసి చూడండి: మీకు దగ్గరలోని షెడ్డుకు వెళ్ళి, విప్పిన పాత ఫిల్టరు ఒకటి అడిగి తీసుకోండి. కోసి, లోపలి భాగాల బొమ్మ గీసి, పేర్లు గుర్తించండి. మడతలలో మీరు చూసినదాన్ని నాలుగు వాక్యాలలో రాయండి.

9.11 మీ ప్రగతిని పరిశీలించుకోండి : సమాధానాలు

1. సుమారు 5 నుంచి 25 మైక్రాన్ల రేణువులు. ఇవి బేరింగు ఖాళీలోకి దూరగలవు, కాని ఆయిలు పొరకంటె పెద్దవి కనుక గీస్తాయి.
2. ప్రవాహం పెరిగి, ఫిల్టరు ముందు, వెనుక ఒత్తిడి తేడా వాల్వు హద్దును దాటవచ్చు.
3. బీటా 200; సామర్థ్యం 99.5 శాతం.
4. యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వు.
5. బ్లేడు కోసిన రజను మడతలలో చేరి, ఇంజను రజనులా కనిపిస్తుంది.